అజేలియో తుపాకీకి పట్టించిన నూనె

మా బావ అజేలియోకి ఒంట్లో ఏది పట్టేసినా, ఇంట్లో ఏది కిర్రుమన్నా మందు ఒకటే. తన చెట్ల ఆలివ్ నూనె. మోకాళ్ళకి అదే, చెవిపోటుకి అదే, గొడ్డలి పిడికి అదే. చర్చి తలుపు బందులకి కూడా అదే. ఒకసారి ఫాదర్ గారు గ్రీజు డబ్బా కొనుక్కొస్తే, "దేవుడి తలుపుకి బజారు సరుకు పూస్తారా" అని గొడవపడి, ఆ డబ్బా కొట్టుకి తిరిగి పంపించి, తనే నూనె గుడ్డ పట్టుకుని నిచ్చెనెక్కాడు.

అతను మా అక్క ఆర్జియా మొగుడు. నేనూ అతనూ ఒకే గనిలో పనిచేశాం. లోపల ఒక బండి పట్టాలు తప్పి అతని కుడిభుజం మీదకి ఒరిగింది. ఎముక అతుక్కుంది గానీ భుజం మునుపటిలా కాలేదు. తర్వాత గని మూసేశారు. అప్పట్నుంచి మా ఇద్దరి బతుకూ ఒకటే: ఎండాకాలం అడవిలో కట్టె కొట్టడం, చలికాలం ఆలివ్ కాయ రాల్చడం, నూనె మిల్లులో సంచులు మొయ్యడం. నాకు నడుము పోయింది, అతనికి భుజం పోయింది. మిల్లులో ఇద్దరం కలిసి ఒక సంచి ఎత్తితే, "ఇద్దరు కలిస్తే ఒక మనిషి" అని నవ్వేవాళ్ళు.

ఇంత బతుకులో అజేలియోకి గొప్పగా చెప్పుకోడానికి ఉన్నవి రెండే. ఒకటి ఆ నూనె. రెండోది ఇరుకు మాటు.

మా ఊళ్ళో చలికాలం అంతా అడవిపందుల వేట. కుక్కలు గుబురుల్లోంచి పందుల్ని తోలుకొస్తాయి, మనుషులు మాటుల దగ్గర తుపాకులతో కాపు కాస్తారు. ఏ మాటుకి ఎవరో చెప్పేది జట్టు పెద్ద. అన్ని మాటుల్లోకీ మంచిది ఇరుకు. రెండు బండల మధ్య వాగు సన్నబడే చోటు. కుక్కలు తరిమిన పందికి అటు తప్ప దారి ఉండదు. అక్కడొక చప్టా రాయి ఉంది. అజేలియో తండ్రి బతికున్నన్నాళ్ళు దాని మీదే కూర్చున్నాడు. ఆయన పోయాక కొడుకు కూర్చున్నాడు.

అన్నిటికంటే పనికిరానిది రోడ్డు మాటు. తారురోడ్డు మలుపు దగ్గర, చెత్తడబ్బాల పక్కన. అక్కడికి పంది రాదు. వచ్చే కార్లని ఆపి "వేట జరుగుతోంది, మెల్లగా పొండి" అని చెప్పడమే పని.

జట్టు పెద్ద లొరియానో. అజేలియో కంటే చిన్నవాడు, గొంతు మాత్రం పెద్దది. అతని కట్టడి ఒకటుంది. తుపాకీ పాడైతే ఆ మనిషిని ఏమీ అనడు, బాగుచేసుకుని రమ్మంటాడు. మనిషి అజాగ్రత్త వల్ల వేట చెడితే మాత్రం రోడ్డు మాటే. దానికి చుట్టమూ లేదు, పక్కమూ లేదు. సొంత తమ్ముణ్ణి రెండేళ్ళు రోడ్డు మీద నిలబెట్టాడు.

అజేలియో దగ్గర మొదట తండ్రి జంటగొట్టాల తుపాకీ ఉండేది. పేలిస్తే అది భుజాన్ని గుర్రం తన్నినట్టు తన్నేది. గనిలో విరిగిన భుజం అది ఓర్చుకోలేకపోయింది. అందుకని దాన్ని అమ్మేసి, ఎవరో వాడిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొన్నాడు. అది పెద్దగా తన్నదు. పేలినప్పుడు గొట్టంలోంచి కొంత గాలి కిందకి మళ్ళి పిస్టన్ని తోస్తుంది, పిస్టన్ బోల్ట్‌ని వెనక్కి నెడుతుంది, ఖాళీ తొడుగు పక్క కిటికీలోంచి ఎగిరిపోతుంది. బోల్ట్ ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాని తీసుకుపోతుంది. మనం మళ్ళీ మీట నొక్కడమే.

అలా రెండు చలికాలాలు బాగానే నడిచింది. మూడో ఏడు మొదలెట్టింది పేచీ. మొదటి గుండు పేలేది. రెండోది వచ్చేది కాదు.

నవంబరు ఆఖర్న ఒక ఆదివారం పెద్ద మగపంది ఇరుకు మాటుకి వచ్చింది. పక్క మాటులో నేనున్నాను. అజేలియో తుపాకీ మోగింది. పంది ముందుకాళ్ళ మీద పడి లేచింది. ఇక రెండో దెబ్బ వినపడాలి. వినపడలేదు. టక్కుటక్కుమని ఇనుము చప్పుడు, దాని వెనక మా బావ బూతులు. ఆ పంది వెనక్కి తిరిగి, వెంటపడి వస్తున్న స్పినా మీదకి పోయింది.

స్పినా నేదో పెంచిన కుక్క. నేదో మా జట్టులో కుక్కలు తోలేవాడు, అజేలియో ఈడువాడు, చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగినవాడు. పంది కోర తగిలి కుక్క పక్క చీలిపోయింది. దాన్ని కోటులో చుట్టి కొండ దింపి, జీపు బానెట్ మీద పడుకోబెట్టి నేదోయే సూదీ దారంతో కుట్టాడు. అజేలియో కుక్క తల పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఏమైంది?" అన్నాడు లొరియానో.

"ఆగిపోయింది. ఖాళీ తొడుగు కిటికీలో ఇరుక్కుంది."

"మొన్న బుధవారం కూడా ఇదే చెప్పావుగా అన్నా?"

"మొన్నా ఇదే అయింది."

"చూడు, తుపాకీ తప్పయితే నిన్ను ఒక్క మాట అనను. వచ్చే ఆదివారం లోపల బాగుచేసుకునిరా. ఈసారి కూడా ఆగిందంటే ఇరుకు నీది కాదు. మీ నాన్న కూర్చున్న రాయి అని నేను చూడను. లోపల నా కుక్కలున్నాయి."

"నీ కుక్కలు కాదు, నావి," అన్నాడు నేదో కుట్టు మీంచి తలెత్తకుండా.

ఆ సాయంత్రం అజేలియో నూనె సీసా ఒకటి పట్టుకుని నేదో ఇంటికి పోయాడు. ఆ ఏటి మొదటి గానుగ, పచ్చగా ఉంది. "పుండు మీద రాయి, పొద్దునా సాయంత్రం," అని గుమ్మంలోనే ఇచ్చేసి వచ్చాడు.

మర్నాటి నుంచి ఆ తుపాకీతో నాకూ పని తగులుకుంది. కాయ రాల్చడం అయ్యాక రోజూ ఇద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. మొదట తూటాల మీద అనుమానం. అజేలియో చవక తూటాలు వాడతాడు.

"బావా, మందు తక్కువుంటే బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి తొయ్యదు. మంచివి కొను," అన్నాను.

"నువ్వు కొనిపెడతావా?"

"నేనెందుకు కొంటాను? తుపాకీ నీది, మాటు నీది."

"మాటలు మాత్రం నీవి."

చివరికి కొన్నాడు. కొండ కింద పాత రాళ్ళ క్వారీలో గురి చూసుకునే మైదానం ఉంది, అక్కడికి పోయాం. మొదటి గుండు పేలింది. రెండోది లేదు. ఖాళీ తొడుగు కిటికీలో ఇంటి మీద పొగగొట్టంలా నిలబడిపోయింది.

తర్వాత మ్యాగజైన్. దాని పెదాలు వంగితే తూటా ముక్కు పైకి లేవకుండా కింద గుద్దుకుంటుంది. లోపలి స్ప్రింగ్ నీరసపడితే తూటాని సమయానికి పైకి ఎత్తలేదు. నేదోది కూడా అదే రకం తుపాకీ. అతని మ్యాగజైన్ నేను వెళ్ళి అడిగి తెస్తే పెట్టి చూశాం. మళ్ళీ పొగగొట్టమే. అజేలియో మ్యాగజైన్ నేను తీసుకెళ్ళి నేదో తుపాకీలో పెడితే నిక్షేపంలా పనిచేసింది.

"అయితే తప్పు మ్యాగజైన్‌ది కాదు," అన్నాను.

"నేను ముందే చెప్పా."

"ఎప్పుడు చెప్పావు?"

"మనసులో అనుకున్నా."

ఆ తర్వాత బోల్ట్‌ని ముందుకు తెచ్చే స్ప్రింగ్ మార్పించాడు. పట్నంలో తుపాకుల కొట్టువాడు, "పాతది సాగిపోయింది, మార్చాల్సిందే," అన్నాడు. కొత్తది వేయించుకుని సంబరంగా వచ్చాడు. మర్నాడు పొద్దున మైదానంలో మళ్ళీ అదే కథ.

ఆ రోజే నేనొకటి గమనించాను. ఒకసారి రెండో గుండు కూడా వచ్చింది. కానీ ఖాళీ తొడుగు ఎగిరిపోలేదు, అతని బూటు పక్కనే మెత్తగా రాలింది. నేదో తుపాకీలోంచి వచ్చే ఖాళీలు అవతలి ముళ్ళపొదల్లో పడతాయి, వెతుక్కోలేం.

"బావా, ఇది ఖాళీని విసరట్లేదు, ఊరికే వదిలేస్తోంది. బోల్ట్‌కి లోపల ఏదో అడ్డం తగులుతోంది. సగం దూరం వెళ్ళి తిరిగొచ్చేస్తోంది. ఖాళీనే సరిగ్గా పారెయ్యలేనిది కొత్తదాన్నేం అందుకుంటుంది?"

"అడ్డం ఎందుకు తగుల్తుంది? రోజూ నూనె పెడుతున్నాగా. నిన్న కూడా పెట్టా. ఇవాళ ఇంకాస్త ఎక్కువ పెట్టి తెచ్చా."

అదీ అతని వరస. తుపాకీ ఆగిన కొద్దీ నూనె పెడతాడు. తండ్రి జంటగొట్టాల తుపాకీకి కూడా అదే నూనె, అది తాత చేతి నుంచి వచ్చి కూడా ఏనాడూ మొరాయించలేదు. నాక్కూడా అది వింతగా తోచలేదు. మా ఊళ్ళో ఎవరికి తోస్తుంది? మా అమ్మ కుట్టు మిషనుకీ అదే పోసేది.

శుక్రవారం మధ్యాహ్నం తుపాకీని విప్పి మా అక్క వంటింటి బల్ల మీద పరిచాం. పాత దుప్పటి పరిచి ఒక్కో ముక్కా పెట్టాం. అక్క చేతులకి పిండితో వచ్చింది.

"ఏవయ్యా, నా బల్ల ఖాళీ చేస్తారా? చపాతీకర్ర ఎక్కడ తిప్పాలి నేను, నీ నెత్తి మీదా?"

"ఆగవే, ఇరుకు పోయేలా ఉంది ఇక్కడ."

"పోతే పోనీ. ఆదివారాలు ఇంట్లో ఉంటావు, కోళ్ళగూడు బాగుచేస్తావు."

అంటూనే వంగి చూసింది. పిస్టన్ని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకి పెట్టింది. దాని చుట్టూ బెల్లంపాకం రంగులో పొర కట్టి ఉంది. గోరుతో గీరింది. రాలేదు.

"ఇది నా ఓవెన్ రేకే," అంది.

"ఏంటే?"

"రొట్టెల రేకు అంచు చూళ్ళేదా ఎప్పుడూ? చూసుండవులే, ఏనాడు తోమావు గనక. నూనె కాలి కాలి ఇలాగే అట్ట కడుతుంది. వేడిబూడిదా వెనిగరూ పెట్టి రుద్దితే గానీ పోదు."

అజేలియో నవ్వాడు. "అది మందు మసి. తుపాకీ పేలితే మసి కట్టదా?"

"మసి నల్లగా ఉంటుంది. చేతికంటుతుంది. ఇది చేతికంటుతోందా? ఫోస్కో, నువ్వు చూడరా."

నేను గీరాను. అంటలేదు. వాసన చూశాను. వేగిన వాసనే, మా అక్క వంటింట్లోదే.

అక్క అంతటితో ఆగలేదు. బయటి కిటికీ గట్టు మీద నూనె సీసా ఉంది. రాత్రి మంచుకి అది నెయ్యిలా పేరుకుని తెల్లగా అయింది. తెచ్చి, మూత తీసి, అతని మొహం ముందు తలకిందులు చేసి పట్టుకుంది. చుక్క కారలేదు.

"దీన్నేనా నువ్వు ఇందులో పోస్తున్నది? తెల్లారగట్ల కొండ మీద ఆ రాయి మీద కూర్చుంటావు. సీసాలో పేరుకునేది తుపాకీలో పేరుకోదా? నీ నూనెకి నువ్వంటే భయమా?"

"మా నాన్న తుపాకీకి..."

"మీ నాన్న తుపాకీలో లోపల ఉరికేది ఏముందయ్యా? విరిచి తూటా పెట్టి మూసేవాడు. ఇది మిషను."

అజేలియో ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాడు. మూత పెట్టాడు. లేచి బయటికి పోయాడు. కోళ్ళగూడు దగ్గర చాలాసేపు నిలబడి ఉన్నాడు. అక్క బల్లకి ఒక పక్క పిండి కలుపుకుంటూ, "వస్తాడులే. నూనెని అంటే ఆయన్ని అన్నట్టే," అంది.

వచ్చాడు. వచ్చి షెడ్డులోంచి కిరసనాయిలు డబ్బా తెచ్చాడు. ముక్కలన్నీ నానబెట్టాం. ఇత్తడి బ్రష్షుతో పిస్టన్ రుద్దాం, అది ఆడే గొట్టం లోపల రుద్దాం, గాలి మళ్ళే సన్న రంధ్రం సరిచేశాం. పాకం రంగు నీళ్ళు దిగాయి. పిస్టన్ పొడిగా తుడిచి పొడిగానే వదిలేశాం. బోల్ట్ జారే పట్టీలకి మాత్రం నా దగ్గరున్న తుపాకీ నూనె, వేలికొసతో పూసినంత.

శనివారం పొద్దున గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉండగానే మైదానానికి పోయాం. మ్యాగజైన్ మొత్తం ఆగకుండా కొట్టాడు. ఖాళీలు ఎగిరి ముళ్ళపొదల్లో పడ్డాయి. అజేలియో నడుం వంచుకుని పొదల్లో దూరి వాటిని ఏరుకున్నాడు. చేతులు గీరుకుపోయాయి. జేబులో వేసుకుని వాటిని గలగలలాడిస్తూ నిలబడ్డాడు.

"లొరియానో అడిగితే ఏం చెప్తావు?" అన్నాను.

"స్ప్రింగ్ మార్చాననే."

"స్ప్రింగ్ మార్చావు నిజమే."

"మార్చాను కదా మరి. కొట్టువాడు కూడా సాగిపోయిందన్నాడు. నేను అబద్ధం చెప్తున్నానా?"

"నేనేమన్నా అన్నానా?"

నూనె అని చెప్తే అది మనిషి తప్పు. మనిషి తప్పుకి రోడ్డు మాటు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంటికెళ్ళాక అక్కకి చెబితే, "నాకెందుకు, నేను వేటకి రాను. అబద్ధమో నిజమో మీరూ మీరూ చూసుకోండి," అంది.

ఆదివారం. వేటగుడిసె ముందు అందరం నారింజరంగు కోట్లు వేసుకుని నిలబడ్డాం. లోపల పొయ్యి మీద కాఫీ. నోట్లోంచి పొగ వస్తోంది, అంత చలి. లొరియానో మాటులు చదవడం మొదలెట్టాడు. అజేలియో దగ్గర ఆగాడు.

"ఏమన్నా, ఏమైంది తుపాకీకి?"

"స్ప్రింగ్. సాగిపోయింది. కొత్తది వేయించా."

"కొట్టి చూశావా?"

"నిన్న చూశా. మా ఫోస్కో ఉన్నాడు పక్కన, అడుగు."

లొరియానో నా వైపు చూశాడు. "బాగా కొడుతోంది," అన్నాను. అది నిజమే గనక సులువుగానే వచ్చింది.

"సంతోషం. ఇరుకు నీదే."

అజేలియో టోపీ సర్దుకున్నాడు. అప్పుడే నేదో జీపు వచ్చింది. వెనక కుక్కల మొరుగుడు. ముందు సీట్లో స్పినా, పక్క మీద బొచ్చు గొరిగి, కుట్లతో, చెవులు మాత్రం నిక్కబొడుచుకుని. పని లేకపోయినా చూడ్డానికి తెచ్చాడు.

"చూడండ్రా నా పిల్లని! పుండు ఎంత శుభ్రంగా ఉందో. పశువుల డాక్టరు ఏం రాశావని అడిగాడు. అజేలియో నూనె అన్నా." దిగి అజేలియో భుజం మీద చరిచాడు, బాగున్న భుజం మీదే. ఆ వారంలో అతనితో మాట్లాడడం అదే మొదలు. "ఒరే, మిగిలింది పారెయ్యడం ఎందుకని తుపాకీకి పట్టించా. లోపలా బయటా. ఇవాళ కుక్కల వెనక దూసుకుపోవడమే."

తన తుపాకీ తీసి చూపించాడు. మెరుస్తోంది.

అజేలియో దాన్ని చూశాడు. నేదో మాటులో కూర్చునేవాడు కాదు. కుక్కల వెనక గుబుర్లలో పాకుతూ పోతాడు. అక్కడ పంది ఎదురుపడితే దానికీ అతనికీ మధ్య చెయ్యి చాపినంత దూరం కూడా ఉండదు.

"పిస్టన్‌కి కూడా పట్టించావా?" అన్నాడు అజేలియో.

"దానికే ఎక్కువ పట్టించా. కదిలేది అదేగా."

అజేలియో తుపాకీ అందుకుని, ఖాళీగా ఉందో లేదో చూసుకుని, బోల్ట్ వెనక్కి లాగి వదిలాడు. అది ముందుకి నింపాదిగా, అన్నం తిని నడిచే ముసలివాడిలా వెళ్ళింది. మళ్ళీ లాగి వదిలాడు. అందరూ చూస్తున్నారు.

"లొరియానో," అన్నాడు, "స్ప్రింగ్ కాదు."

"ఏది కాదు?"

"నా తుపాకీ ఆగింది స్ప్రింగ్ వల్ల కాదు. నూనె వల్ల. నా నూనె. పిస్టన్‌కి పట్టి, కాలి, అట్ట కట్టింది. చలికి పేరుకుంది. ఆగిన కొద్దీ ఇంకా పోశాను. దీన్ని ఇలా లోపలికి తీసుకుపోవద్దని చెప్పు."

వెనక నుంచి ఒకడు, "సలాడ్‌కి పోసినట్టు పోశాడ్రోయ్ తుపాకీకి!" అన్నాడు. ఇక నవ్వులు ఆగలేదు. "వెనిగరు కూడా వేశావా అన్నా?" "ఉప్పు సరిపోయిందా?" అజేలియో నేల చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

నేదో నవ్వలేదు.

"అంటే నా కుక్క పక్క చీలింది నీ నూనె వల్ల."

"అవును."

"నువ్వు మళ్ళీ తెచ్చి దాని మీద పోసిందీ అదే."

"అప్పటికి నాకు తెలీదు నేదో."

"ఇందాక స్ప్రింగ్ అన్నప్పుడు తెలుసుగా?"

"తెలుసు."

నేదో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అజేలియో తల్లినీ, చెట్లనీ, ఆ చెట్లు నాటిన తాతనీ వరసగా అందుకున్నాడు. తిట్టడం అయ్యాక తుపాకీ అతని చేతిలోంచి లాక్కోలేదు. "అయితే తుడువు," అన్నాడు. "నిలబడి చూస్తావేంటి? తుడువు."

గుడిసెలో దీపానికని ఉంచిన కిరసనాయిలు తెచ్చారు. వారం కిందట కుక్కని కుట్టిన బానెట్ మీదే తుపాకీ విప్పి పెట్టాడు అజేలియో. తాజా నూనె గనక సులువుగా వదిలింది. నేదో పక్కనే నిలబడి, "అక్కడ ఉంది, అక్కడ," అని వేలు చూపిస్తూ గదుముతూనే ఉన్నాడు. వేట ఆలస్యమైంది. లొరియానో కాఫీ తాగుతూ చూశాడు.

తుపాకీ బిగించాక కప్పు కింద పెట్టాడు.

"అన్నా, చెప్పినందుకు నీ మీద నాకు గౌరవమే. కానీ కట్టడి నీకు తెలుసు."

"తెలుసు."

"రోడ్డు."

"సరే."

"ఇరుకుకి ఫోస్కో."

నేను ఉలిక్కిపడ్డాను. "నేనా? మా బావ మాటులో నేనెలా కూర్చుంటాను? ఇంటికెళితే మా అక్క నాకు అన్నం పెట్టదు."

"అయితే వండుకో," అన్నాడు లొరియానో.

అజేలియో తుపాకీ భుజానికి తగిలించుకుని రోడ్డు వైపు నడిచాడు. పది అడుగులు పోయి వెనక్కి తిరిగాడు. "ఒరే, ఆ రాయి మీద ఎడమ పక్క కూర్చో. కుడి పక్కకి చూపు అందదు. పంది వచ్చే ముందు పైన రాళ్ళు రాలతాయి. అప్పుడే లేవకు." మళ్ళీ పోయాడు, మళ్ళీ ఆగాడు. "దగ్గావో, చంపేస్తా."

ఆ రోజు ఇరుకుకి ఒక పంది వచ్చింది. రాళ్ళు రాలాయి. నేను లేచాను. పంది పోయింది.

"ఆ నూనెవాడు కూర్చున్నా ఒక గుండన్నా తగిలేది," అని జట్టంతా నా మీద పడింది. లోపల గుబుర్లో మాత్రం నేదోకి ఆడపంది ఒకటి ఎదురొచ్చింది. మొదటి గుండుకి ఆగలేదు, రెండోదానికి అతని బూట్ల ముందు పడింది. సాయంత్రం మాంసం పంచేటప్పుడు నేదో తన వాటా లోంచి కాలేయం ముక్క కోసి కాగితంలో చుట్టి అజేలియో సంచిలో పడేశాడు.

లొరియానో ఇరుకుని తిరిగి అతనికి ఇవ్వలేదు. ఆ చలికాలమూ ఇవ్వలేదు, తర్వాతా ఇవ్వలేదు. నేను రెండుమూడుసార్లు, "బావా, ఇవాళ నా బదులు నువ్వెళ్ళు, నేను రోడ్డు దగ్గరుంటాను, నా నడుముకి అదే నయం," అని చూశాను.

"ఇచ్చింది జట్టు పెద్ద. తియ్యాల్సిందీ అతనే," అనేవాడు. "నువ్వు ముందు ఎడమ పక్క కూర్చోడం నేర్చుకో."

రోడ్డు మాటులో అతనికి పంది కనపడలేదు గానీ ఊరంతా కనపడింది. వచ్చే పోయే కార్లన్నీ ఆపేవాడు. ఎవరింట్లో కాయ ఎంత దిగింది, ఏ మిల్లు బాగా ఆడుతోంది, అన్నీ అక్కడే తెలిసేవి. మా అక్క పదింటికి వేడి కాఫీ పట్టుకుని అక్కడికే పోయేది. "ముప్పై ఏళ్ళలో వేటకెళ్ళిన మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అనేది.

ఆ గొడవ తర్వాత జట్టులో ఒక అలవాటు పుట్టింది. నేదో మొదలెట్టాడు, ఎగతాళికే. వేట మొదలయ్యే ముందు తుపాకీ బోల్ట్ తెరిచి, ఖాళీగా ఉందని చూపించి, అజేలియో ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడరా, నీ నూనె ఉందేమో." అజేలియో చూసి, "లేదు," అన్నాడు. తర్వాతి వారం ఇంకొకడు పెట్టాడు. అలా అలా అందరూ పెట్టడం మొదలైంది. ఇప్పుడు వేటకాలం మొదటి ఆదివారం వచ్చిందంటే అజేలియో గుడిసె ముందు స్టూలు మీద కూర్చుంటాడు, మేం ఒక్కొక్కరం తుపాకీ తెరిచి చూపించాల్సిందే. నవ్వుకుంటూనే చూపిస్తాం. కానీ చూపించకుండా ఎవరూ అడవిలోకి పోరు.

పోయిన నవంబరులో అందరిదీ అయ్యాక లొరియానో వంతు వచ్చింది. అతనికీ భుజాలు నొప్పులు మొదలై, పాత తుపాకీ మానేసి ఆ ఏడే సెమీ ఆటోమేటిక్ కొనుక్కున్నాడు.

"నాదెందుకు, కొత్తదేగా," అన్నాడు.

"కొత్తదైనా చూపించాల్సిందే," అన్నాడు నేదో. "కట్టడి."

అజేలియో ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండోసారి పెట్టాడు.

"నా నూనె కాదు," అన్నాడు.

"చెప్పాగా," అన్నాడు లొరియానో తుపాకీ వెనక్కి తీసుకోబోతూ.

"ఆగు. కొట్టు నూనె. సీసాలో అమ్మేది. అందులో సగం పొద్దుతిరుగుడు."

లొరియానో మొహం చూడాలి. "తాళంకప్పలకి వేస్తూ ఉంటే... చేతికి అంటుకుని... ఒక్క చుక్క..." అన్నాడు. నేదో కిందకి కూలబడి నవ్వాడు. కుక్కలు కూడా మొరగడం మొదలెట్టాయి. "పెద్దా, ఒక్క చుక్క వేసే కదా నా కుక్క చీలింది!" "జట్టు పెద్దకి మంచి నూనె కూడా కరువైందా!"

లొరియానో అందరి గోలా అయ్యేదాకా ఆగాడు. ఆనక చేతిలో మాటుల కాగితం తీసుకుని, తన పేరు ఉన్న చోట పెన్సిలుతో కొట్టేశాడు.

"రోడ్డు," అన్నాడు తన గురించి తనే.

ఆ రోజు వేట ముగించి కొండ దిగుతుంటే ఇద్దరూ మలుపు దగ్గర కనపడ్డారు. రోడ్డు పక్క ఇనప కడ్డీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. తుపాకులు తెరిచి, ఖాళీ చేసి, చెట్టుకి ఆనించి ఉన్నాయి. అక్క తెచ్చిన రొట్టె మోకాళ్ళ మీద ఉంది. అజేలియో తన సీసాలోంచి లొరియానో రొట్టె మీద నూనె ధారగా పోస్తున్నాడు.

"ఇది తిను, తెలుస్తుంది తేడా," అంటున్నాడు.

లొరియానో కొరికాడు. నమిలాడు. రొట్టె మళ్ళీ ముందుకి చాపాడు. అజేలియో ఇంకాస్త పోశాడు. ఇంతలో నేదో వాకీటాకీలో మాంసం పంచడానికి రమ్మని అరిస్తే లొరియానో లేచి తుపాకీ కోసం చెయ్యి చాపాడు.

"ఏయ్," అన్నాడు అజేలియో, తన జేబులోని గుడ్డ తీసి ఇస్తూ. "ముందు చేతులు తుడుచుకో."